కమిటీకి జలుబు

దేర్ ఖోఖా, దమస్కు పైకొండలు
3 ఫిబ్రవరి 1934

ఓడెన్సెలోని పూర్వదేశ సువార్త సహాయ సంఘం కార్యదర్శి డి. హోల్స్ట్ అయ్యగారికి నర్సు సిసెల్ బ్రాంట్ వందనాలతో రాసుకునేది.

ఇక్కడ నేను క్షేమం. మంచు మోకాలిదాకా పడింది, నీళ్ళ కూజా చలికి పగిలింది, గాడిదకి దగ్గు. అంతకుమించి విశేషాల్లేవు.

మూడు నెలల నివేదిక నింపి జతచేశాను. నాలుగో గడిలో "మిషను ఇంటికి వచ్చి కూర్చున్న అతిథులు" అన్నచోట సున్నా పెట్టాను. చూసి కంగారు పడకండి. మందులకి జనం బాగానే వస్తున్నారు. కళ్ళకలకలూ, సెగ్గడ్డలూ అన్నీ చూపించుకుని, నన్ను నూరేళ్ళు బతకమని దీవించి వెళ్ళిపోతున్నారు. ఇంట్లోకి మాత్రం ఒక్కరూ అడుగుపెట్టరు. దానికి కారణం పళ్ళేలు.

ఇక్కడ ఏ ఇంట్లో ఏం వండినా పక్కింటికి ఒక పళ్ళెం వెళ్తుంది. ఆ పళ్ళెం ఖాళీగా తిరిగి పంపకూడదు. మొదటి ఏడాది అది తెలియక నేనొకటి శుభ్రంగా కడిగి పంపాను. పక్కింటి ఉమ్ నఖ్లే, అంటే నఖ్లే తల్లి, పళ్ళెం పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, "మేం నీకేం అపకారం చేశాం తల్లీ?" అంది. యోహాన్నె అక్క నాతో ఉన్నన్నాళ్ళూ వంట ఆమెది, వైద్యం నాది, పళ్ళేలు చక్కగా తిరిగేవి. ఆమె పెళ్ళి చేసుకుని అలెప్పో వెళ్ళి మూడేళ్ళయింది. నా వంట నేను తినడమే ఒక శిక్ష, అది ఊరికి కూడా వెయ్యనా? ఒకసారి తెగించి మన నల్లరొట్టె చేసి ఉమ్ నఖ్లే పళ్ళెంలో పెట్టి పంపాను. మర్నాడు ఆ రొట్టె వాళ్ళ బండి జారకుండా చక్రం కింద పెట్టి ఉంది.

ఇప్పుడు నా అరమీద పందొమ్మిది పళ్ళేలున్నాయి. వాటి సొంతదారులు ఎవరైనా నన్ను చూడ్డానికొస్తే పళ్ళెం అడగడానికొచ్చినట్టుంటుందని మర్యాద కొద్దీ రావడం మానేశారు. వీధిలో ఎదురైతే కూడా పళ్ళెం గుర్తుచేసినట్టవుతుందని తల తిప్పుకుని పక్కకి తప్పుకుంటారు పాపం.

అయ్యగారూ, మూడేళ్ళుగా అడుగుతున్నదే మళ్ళీ అడుగుతున్నాను. నాకొక తోడుమనిషిని పంపండి. భోజనం వేళ నేను పొయ్యితో మన భాషలో మాట్లాడుతున్నాను. పొయ్యి మంచిదే, కానీ ఎదురు చెప్పదు.

తమ విధేయురాలు,
సిసెల్ బ్రాంట్

తా.క. వచ్చే తోడుకి వైద్యం రాకపోయినా ఫరవాలేదు. పోట్లాడటం వస్తే చాలు.


ఓడెన్సె
1 మార్చి 1934

సోదరి బ్రాంట్ గారికి,

తమ లేఖయు, నివేదికయు అందినవి. కమిటీ పరిశీలించినది. పందొమ్మిది పళ్ళెములు పరుల సొత్తు. పరుల సొత్తును అరమీద దాచుకొనుట దొంగిలింపరాదను దైవాజ్ఞకు విరుద్ధమని కమిటీ సవినయముగా గుర్తుచేయుచున్నది. అవి వెంటనే తిరిగి ఇచ్చివేయవలెను.

తోడుమనిషి విషయము కమిటీ యోచించును. అయితే ఐదవ గడి, అనగా "ఆత్మసంబంధమైన ప్రశ్నలు అడిగినవారు", ఖాళీగా ఉన్నది. అది నింపి మరల పంపినచో యోచన సులభమగును. నల్లరొట్టెకు తమరు పిండి ఎంతసేపు నానబెట్టినదియు కమిటీ తెలిసికొనగోరుచున్నది.

కమిటీ తరఫున,
డి. హోల్స్ట్, కార్యదర్శి

తా.క. జవాబు ఆలస్యమైనందుకు మన్నించవలెను. గతవారము కమిటీకి జలుబు చేసినది.


దేర్ ఖోఖా
26 మార్చి 1934

కార్యదర్శి అయ్యగారికి వందనాలతో సిసెల్ రాసేది.

అయ్యా, నేను పళ్ళేలు దొంగిలించలేదు! తిరిగి ఇవ్వాలంటే అందులో ఏదో ఒకటి ఉండాలి, నా చేత్తో చేసింది ఏది పెట్టినా తగువే అని ఎన్ని కాగితాలు ఖర్చుపెట్టి చెప్పాను! మందుసీసాలు పెట్టి పంపుదామా అని కూడా ఆలోచించాను. రోగం కోరుకున్నట్టుంటుందని మానేశాను. పిండి రాత్రంతా నానబెట్టాను. తప్పు పిండిది కాదు, నా చేతిది.

ఐదో గడి సంగతి. ఇక్కడివాళ్ళు నన్నడిగే ప్రశ్నలు మూడే. నీకు పెళ్ళెందుక్కాలేదు, మీ అమ్మ నిన్నెలా వదిలింది, ఒక్కదానివీ భయం వెయ్యట్లేదా. ఇవి ఆత్మకి సంబంధించినవో కాదో కమిటీయే తేల్చాలి. మూడోది అడిగినప్పుడు మాత్రం నా ఆత్మకి బాగానే తగులుతోంది.

ఈస్టరు దగ్గరికొచ్చింది. ఇళ్ళన్నిట్లో ఖర్జూరం పెట్టిన బిళ్ళలు కాలుస్తున్నారు, వాసన కిటికీలోంచి వస్తోంది. పళ్ళెం మాత్రం రాదు. ఊళ్ళో పళ్ళేలన్నీ నా దగ్గరే ఉంటే ఎందులో పెట్టి పంపుతారు? తోడు సంగతి త్వరగా తేల్చండి అయ్యా, దణ్ణం పెడతాను.

తమ విధేయురాలు,
సిసెల్

తా.క. కమిటీ మొత్తానికి జలుబు చేసిందా! అందరూ ఒకే గదిలో కూర్చుంటారు కాబట్టి అంటుకుని ఉంటుంది. ఒక్కొక్కరినీ వరసగా నిలబెట్టి వేడినీళ్ళలో ఉప్పేసి పుక్కిలించమనండి. కిటికీ తెరిచి ఉంచండి.


ఓడెన్సె
20 ఏప్రిల్ 1934

సోదరి బ్రాంట్ గారికి,

తమ లేఖ అందినది. కమిటీ దానిని రెండుసార్లు చదివినది. "ఊళ్ళో పళ్ళెములు లేవు" అను తమ మాట కమిటీ మనస్సును కదిలించినది. అంతటి కొరత ఉన్నదని మాకు తెలియదు. కావున నీలిపూల అంచు గల పింగాణి పళ్ళెములు మూడు డజన్లు గడ్డిలో చుట్టి పెట్టెలో పంపుచున్నాము. ఊరి ప్రజలకు ప్రేమతో పంచవలెను.

తోడుమనిషి విషయము ఐదవ గడి సక్రమముగా నింపిన పిమ్మట.

కమిటీ తరఫున,
డి. హోల్స్ట్

తా.క. కమిటీ పుక్కిలించినది. నయమైనది. కృతజ్ఞతలు.


దేర్ ఖోఖా
10 జూన్ 1934

కార్యదర్శి అయ్యగారికి,

పెట్టె చేరింది. ఉన్న పందొమ్మిదికి తోడు ముప్ఫైయారు! మూత తీసి నేల మీద కూలబడి నవ్వాను. కాసేపటికి అది ఏడుపులోకి దిగింది, అది వేరే సంగతి. ఇంట్లో ఒక్కదాన్నే నవ్వితే ఆపమనేవాళ్ళుండరు కదా.

కానీ వినండి, అద్భుతం జరిగింది. ఉమ్ నఖ్లే గోడ మీంచి చూసి, "ఇదేమిటి సిసెలమ్మా, పళ్ళేల కొట్టు పెడుతున్నావా?" అంది. నాకు ఒళ్ళు మండి, ఆవిడ పాత పళ్ళెం తీసి, దాని మీద మీరు పంపిన కొత్త పళ్ళెం పెట్టి ఇచ్చేశాను. ఖాళీ కాదు కదా, పళ్ళెంలో పళ్ళెం ఉంది! ఆవిడ ఆలోచించింది, తల గోక్కుంది, ఒప్పుకుంది. సాయంత్రానికల్లా పందొమ్మిది ఇళ్ళకీ అలాగే పంచేశాను.

మర్నాటి నుంచి మొదలైంది. నా నీలిపూల పళ్ళెం వాళ్ళింట్లో ఉంది కాబట్టి ఖాళీగా తిరిగి పంపకూడదు. ద్రాక్షాకుల చుట్టలు, గోధుమరవ్వ ఉండలు, పెరుగులో ఉడికించిన మాంసం! పంపడం కాదు, స్వయంగా తెచ్చి కూర్చుంటున్నారు. నేను తినేదాకా లేవరు. నాలుగో గడిలో అరవైనాలుగు అని రాశాను. గడి చిన్నది, అంకె బయటికి పోయింది, మన్నించండి.

ఐదో గడిలో కూడా అరవైనాలుగే. అందరి ప్రశ్నా ఒకటే. కింద తా.క. చూడండి.

తోడు సంగతి మరిచిపోకండి. వచ్చినవాళ్ళు వెళ్ళాక ఇల్లు ఇదివరకటికంటే ఖాళీగా కనిపిస్తోంది. ఇంతమంది నవ్వుతుంటే నేను వాళ్ళ భాషలో నవ్వుతున్నాను. చిన్నప్పటి మాట ఒక్కటి చెప్పుకుందామంటే దాన్ని ముందు అరబ్బీలోకి మార్చుకోవాలి, మార్చేసరికి అది నాది కాకుండా పోతోంది.

తమ విధేయురాలు,
సిసెల్

తా.క. వాళ్ళ ప్రశ్న ఇది: "నెలనెలా నీకు ఉత్తరం రాసే ఆ మగమనిషి ఎవరు?"


ఓడెన్సె
4 జూలై 1934

సోదరి బ్రాంట్ గారికి,

తమ లేఖ అందినది. కమిటీ మిక్కిలి సంతోషించినది. అయితే వివరములు చాలవు. ఉమ్ నఖ్లే గారు తల గోకికొన్న పిమ్మట ఏమనిరి? పెరుగు విరగకుండ అందులో మాంసము ఎట్లు ఉడికించెదరు? గాడిద దగ్గు తగ్గినదా? ప్రతి సంగతియు, మూడు పేజీలకు తగ్గకుండ, వ్రాయవలెను.

ఐదవ గడిలోని ప్రశ్న కార్యాలయ వ్యవహారమునకు సంబంధించినది గాని ఆత్మకు సంబంధించినది కాదు. కావున తోడుమనిషి విషయము వచ్చే సమావేశమునకు వాయిదా.

కమిటీ తరఫున,
డి. హోల్స్ట్

తా.క. వర్షము కురియుచున్నది. కమిటీ కిటికీ వద్ద కూర్చుని తమ లేఖ మరల చదివినది.


దేర్ ఖోఖా
1 ఆగస్టు 1934

కార్యదర్శి అయ్యగారికి,

అయ్యా, కొంప మునిగింది.

ఇక్కడ టపా తెచ్చేది అబూ షాహీన్. దమస్కు బస్సు దగ్గర సంచీ అందుకుని, కాఫీ అంగట్లో బల్ల మీద గుమ్మరించి, ఒక్కొక్కటే ఎత్తి పేరు చదువుతాడు. కవరు వెనక డి. హోల్స్ట్ అన్న పేరు ఊరందరికీ కంఠతా వచ్చేసింది. పెళ్ళికాని పిల్లకి పరాయి మగాడు ఇన్ని ఉత్తరాలు రాస్తే దాని అర్థం ఇక్కడ ఒకటే. మీ ఉత్తరం వచ్చిన రోజు ఉమ్ నఖ్లే వచ్చి కూర్చుంది.

"ఏం రాశాడే అబ్బాయి?"

"అబ్బాయి కాదమ్మా, ఆఫీసు. గాడిద దగ్గు తగ్గిందా అని అడిగారు."

"ఆహా! గాడిద సంగతి కూడా అడిగాడంటే ఎంత ప్రేమ తల్లీ! మా ఆయన నలభై ఏళ్ళలో నా దగ్గు సంగతే అడగలేదు."

"వాన పడుతుంటే కిటికీ దగ్గర కూర్చుని నా ఉత్తరం చదివారట," అన్నాను, బుద్ధి గడ్డి తిని.

అంతే. ఆవిడ గుండె మీద చెయ్యేసుకుని వీధిలోకి పరిగెత్తింది. ఇప్పుడు ఏడుగురు ఆడవాళ్ళు మా వసారాలో కూర్చుని పెళ్ళి బొంత కుడుతున్నారు. ఉన్ని ఏకుతుంటే ఇల్లంతా తుమ్ములు. తెల్లగా ఉంటాడా, ఎర్రగా ఉంటాడా, పళ్ళున్నాయా అని నన్ను పీక్కు తింటున్నారు. మందులకొచ్చినవాళ్ళు కూడా నాలుక చూపించకుండా ఈ సంగతే అడుగుతున్నారు. పెళ్ళి చేసుకుని పోయే నర్సు దగ్గర మందు మొదలుపెట్టడం దేనికని నలుగురు రావడమే మానేశారు. అక్కడ నొప్పి పుట్టింది నాకు.

అందుచేత చేతులు జోడించి అడుగుతున్నాను. దయచేసి ఇకమీదట ఉత్తరాలు తగ్గించండి. ఏడాదికి రెండు చాలు. గాడిదల గురించీ, వంటల గురించీ అడగకండి. తోడుమనిషి ఎప్పుడొస్తుందో ఆ ఒక్క మాట రాయండి, అంతే.

సిసెల్ బ్రాంట్

తా.క. గాడిద దగ్గు తగ్గింది. ఇది ఆఖరిసారి చెప్పడం.


దేర్ ఖోఖా
2 నవంబరు 1934

కార్యదర్శి అయ్యగారికి,

ఆగస్టులో రాసిన ఉత్తరానికి జవాబు లేదు. తగ్గించమన్నాను గానీ మాయమైపొమ్మనలేదు కదా.

అబూ షాహీన్ మూడు నెలలుగా నన్ను చూసి తల దించుకుంటున్నాడు. సంచీలో నాకేం లేకపోవడం తన తప్పయినట్టు నిన్న నా చేతిలో రెండు దానిమ్మపళ్ళు పెట్టాడు. ఊరంతా పెళ్ళి తప్పిపోయిందని తేల్చేసింది. నల్లబట్టలు కట్టుకుని, చక్కెర లేని కాఫీ తెచ్చి, వరసగా కూర్చుని నన్ను పరామర్శిస్తున్నారు. "మగవాళ్ళంతా అంతే తల్లీ. వాన వెలిసింది, కిటికీ మూశాడు," అని ఉమ్ నఖ్లే ముక్కు చీదింది. పెళ్ళీ లేదు, పెళ్ళికొడుకూ లేడు అని మొదట్లో చెప్పి చూశాను. "బాధలో అలాగే అనిపిస్తుంది," అని వీపు నిమిరారు.

సిగ్గు విడిచి ఒక మాట చెబుతాను, నవ్వకండి. వాళ్ళు ఏడుస్తుంటే నేనూ ఏడ్చాను. బాగా ఏడ్చాను. ఎవరి కోసమో తెలీదు. పుక్కిలించిన కమిటీ కోసం కాబోలు. ఇన్నేళ్ళలో నేను ఏం తిన్నానో, నా గాడిద ఎలా ఉందో అడిగింది మీ ఆఫీసొక్కటే. దాన్ని నా నోటితో నేనే వద్దన్నాను.

తోడు సంగతి ఇక అడగను. వచ్చేటట్టయితే ఈ పాటికి వచ్చేది. వసంతం దాకా చూసి, ఇల్లు ఊరిపెద్దకి అప్పజెప్పి, మన దేశం తిరిగి వచ్చేస్తాను. నేనొక్కదాన్నీ ఇంకో చలికాలం పడలేను.

సిసెల్

తా.క. బొంత పూర్తయింది. విప్పమంటే వాళ్ళకి మనసొప్పలేదట. నేనే కప్పుకుంటున్నాను. ఇద్దరికి సరిపోయే బొంత, ఎంత చుట్టుకున్నా ఒక పక్క చలిగానే ఉంటుంది.


ఓడెన్సె
28 నవంబరు 1934

సిసెల్ అమ్మాయికి,

ఈ ఉత్తరం కమిటీ తరఫున కాదు. కూర్చుని చదువు.

నేను ఈ ఆఫీసుకి వచ్చిన కొత్తలో కమిటీలో ఏడుగురుండేవారు. ఇద్దరు పెద్దలు కాలం చేశారు. ముగ్గురు అవతలివీధి సంఘంలో కలిశారు, అక్కడ కాఫీ బాగుంటుందట. ఒకాయనకి చెవుడొచ్చి, సమావేశం అంటే సంగీతం అనుకుని వేరే చోటికి వెళ్తున్నాడు. మిగిలింది నేను. నాలుగేళ్ళుగా కమిటీ అంటే నేనే. జలుబు చేసింది నాకు. పుక్కిలించింది నేను. వరసగా నిలబెట్టమన్నావు చూడూ, అద్దం ముందు నిలబడి పుక్కిలిస్తూ ఎంత నవ్వానో, ఉప్పునీళ్ళు గొంతులోకి పోయాయి.

ఇప్పుడు అసలు తప్పు ఒప్పుకోవాలి. నీ ఐదో గడికీ తోడుమనిషికీ ఏ సంబంధమూ లేదు. తోడు కోసం పత్రికలో మూడుసార్లు ప్రకటన వేయించాను. ఒక్కరూ రాలేదు. ఆ మాట నీకు మొదటి ఏడాదే రాయాల్సింది. రాస్తే నువ్వు విసుగెత్తి తిరిగొచ్చేస్తావు. వచ్చేస్తే నాకు ఉత్తరం ఎవరు రాస్తారు? అందుకని ఏదో ఒక గడి తప్పని తిప్పి పంపుతూ వచ్చాను. తిప్పి పంపిన ప్రతిసారీ నీ దగ్గర్నుంచి ఇంకో ఉత్తరం వచ్చేది. ఇక్కడ ఇరుగూ పొరుగూ ఉన్నారు, తలుపులన్నీ మూసుంటాయి. పళ్ళెం ఇచ్చేవాళ్ళూ లేరు, పుచ్చుకునేవాళ్ళూ లేరు. మా వీధిలో నేను పోతే ముందు తెలిసేది పాలవాడికి. నా ఒంటరితనం తీర్చుకోవడానికి నిన్ను మూడేళ్ళు ఒంటరిగా కూర్చోబెట్టాను. ఇది పాపమేనని నాకు తెలుసు. ఉత్తరాలు తగ్గించమని నువ్వు రాసినప్పుడు, నాకు తగిన శాస్తే జరిగిందనుకుని కలం ముట్టలేదు.

ఇంకొకటి. అయ్యగారూ, అయ్యా అని నువ్వు రాసిన ప్రతిసారీ సరిదిద్దాలనుకున్నాను. ఆ గౌరవం బాగుండి ఊరుకున్నాను. డి అంటే దాగ్మార్, అది ఆడపేరు. నాకు అరవైయొకటి. పళ్ళున్నాయి, అన్నీ కాదు. పెళ్ళికొడుకు కోసం ఎదురుచూసిన ఆ ఏడుగురికీ ఏం చెప్పుకుంటావో నీ ఇష్టం.

నిన్న కమిటీ సమావేశమైంది. దేర్ ఖోఖాకి వెంటనే ఒక తోడుమనిషిని పంపాలని నేను ప్రతిపాదించాను. నేనే బలపరిచాను. మోకాళ్ళ నొప్పుల కారణంగా ఒక సభ్యురాలు అభ్యంతరం చెప్పింది, అదీ నేనే. గంటసేపు వాదన జరిగింది. చివరికి ఏకగ్రీవంగా ఆమోదించి, ఎవర్ని పంపాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, గదిలో ఉన్న వాళ్ళలోంచే ఎంపిక చేశాం.

నాకు వైద్యం రాదు. వంట వచ్చు. పోట్లాడటం చాలా బాగా వచ్చు. డిసెంబరు పదిన ఓడ, నెలాఖరుకి బేరూతు. అక్కణ్ణుంచి ఎలా రావాలో తెలీదు, కొండల వైపు దారి అడుగుతూ వస్తాను. నా మీద నీకు కోపం ఉంటుంది. ఉండాలి కూడా. ఆ కోపమంతా దాచి ఉంచు, నేనొచ్చాక ఎదురుగా కూర్చుని మన భాషలో తిట్టు.

ప్రేమతో,
దాగ్మార్ హోల్స్ట్

తా.క. నేను రావడం ఇష్టం లేకపోతే ఆఫీసుకి తంతి కొట్టు. వచ్చిన తంతులన్నీ విప్పి చదివి, తగిన చర్య తీసుకునే అధికారం ఇక్కడ ఒక్కరికే ఉంది. ఆవిడ మాత్రం ఓడలో ఉంటుంది.